నిర్జీవంగా ఉన్న జూలియట్‌ను ఎత్తేదెలా?

ప్రశ్న: రోమియో జూలియట్ బ్యాలే వీడియోలు చాలా ఉన్నాయి. సంగీతం అదే, నాట్యం మాత్రం ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: సంగీతం రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్‌ది, 1935లో కూర్చాడు. దానికి అడుగులు ఏ కొరియోగ్రాఫర్‌కు ఆ కొరియోగ్రాఫర్ సొంతంగా కూర్చుకున్నవే. లెనిన్‌గ్రాద్‌లో లవ్‌రోవ్‌స్కీ (1940), స్టుట్‌గార్ట్‌లో క్రాంకో (1962), లండన్‌లో మాక్‌మిలన్ (1965) చేసినవి ముఖ్యమైనవి. మొదటిసారైతే మాక్‌మిలన్‌ది చూడండి. కథ తెలియకపోయినా ఎవరెవరో ఇట్టే తెలిసిపోతుంది. లవ్‌రోవ్‌స్కీలో మూకాభినయం పాలు ఎక్కువ, కాస్త ఓపిక పట్టాలి. అయినా రష్యన్ నర్తకి ఉలనోవా జూలియట్‌గా 1955లో వచ్చిన సినిమా దొరికితే మాత్రం వదలకండి. చివరి నిమిషాలు పోల్చి చూడండి: లవ్‌రోవ్‌స్కీ ప్రేమికుల శవాల దగ్గర పగబట్టిన రెండు కుటుంబాలనూ కలుపుతాడు, మాక్‌మిలన్ ఆ రాజీని పూర్తిగా తీసేశాడు. మా ఓటు తీసేసినదానికే.

ప్రశ్న: ప్రొకోఫియెవ్ మొదట సుఖాంతం రాశాడట, నిజమేనా?

జవాబు: నిజమే. రోమియో ప్రాణం తీసుకునేలోపే, మందు తాగి చచ్చినట్టు పడి ఉన్న జూలియట్ కళ్లు తెరుస్తుంది. బతికున్నవాళ్లు ఆడగలరు, చావుబతుకుల్లో పడి ఉన్నవాళ్లు ఎలా ఆడతారన్నది ఆయన వాదన. అభ్యంతరాలు రావడంతో విషాదాంతంగా మార్చాడు. బ్యాలే మొదట రంగమెక్కింది 1938 డిసెంబర్ 30న, చెకొస్లొవేకియాలోని బ్రనో నగరంలో. ఆ పాత సుఖాంతంతో 2008లో మార్క్ మోరిస్ ఒక ప్రదర్శన రూపొందించాడు.

ప్రశ్న: మాక్‌మిలన్ బ్యాలేలో, సమాధి దృశ్యంలో రోమియో ఆమె ఒంటిని ఎత్తి ఆడతాడు. ఒళ్లు పూర్తిగా వదిలేసిన మనిషిని అలా ఎత్తడం సాధ్యమా?

జవాబు: పూర్తిగా వదిలేస్తే సాధ్యం కాదు, అసలు కిటుకు అక్కడే ఉంది. మామూలు లిఫ్ట్‌లో, అంటే జంటలో ఒకరు ఇంకొకరిని పైకెత్తేటప్పుడు, అమ్మాయి మోకాళ్లు వంచి పైకి ఎగురుతుంది. ఆ ఊపు మీదే అబ్బాయి ఆమెను పైకి తీసుకుపోతాడు. ఇక్కడ ఆ ఎగురు ఉండదు, బరువంతా అతని మీదే పడుతుంది. అందుకే ఆమె పొట్ట, వీపు కండరాలను లోలోపల బిగించి ఉంచుకుని, చేతులు, మోకాళ్లు, తల మాత్రం వదిలేస్తుంది. నడుము కూడా వదిలేసిందంటే తుంటి కిందికి జారి, అతని పట్టు ఆమె జబ్బల దగ్గరికి పోతుంది. అతను నడుము వంచి లాగబోతాడు, వీపు పట్టేస్తుంది. ఎత్తాల్సింది తన కాళ్ల బలంతో, ఆమెను ఒంటికి దగ్గరగా ఉంచుకుని.

సాధన మెట్టుమెట్టుగా చేయాలి. ముందు సంగీతం లేకుండా, ఒళ్లు బిగించే లిఫ్ట్ చేయాలి. అది కుదిరాక చేతులు వదలాలి, తర్వాత మోకాళ్లు, అన్నిటికన్నా చివర తల. తల ఒక్కసారిగా వెనక్కి పడితే మెడ పట్టేస్తుంది, అందుకే అది పడుతున్నట్టు కనిపించాలే గానీ నిజంగా పడకూడదు. రిహార్సల్ మొదట్నుంచీ వేదిక మీద వేసుకునే పల్చని గౌనుతోనే చేయాలి. గుడ్డ జారితే పట్టు జారుతుంది.

ఎక్కువమంది దొరికిపోయేది పాదం దగ్గర. ఏళ్ల అలవాటు వల్ల గాల్లోకి లేవగానే వేళ్లు సూదిలా సాగుతాయి. చచ్చిన పాదం అలా సాగదు. ఈ దృశ్యంలో, ప్రేమ మొదలైనప్పుడు ఇద్దరూ ఆడిన బాల్కనీ నాట్యం తాలూకు తునకలు మళ్లీ వస్తాయి. అక్కడ ఆమె బదులిచ్చిన చోట ఇక్కడ బదులు లేదన్నది తెలియాలంటే పాదం కూడా మౌనంగానే ఉండాలి.

ప్రశ్న: అదే బ్యాలేలో జూలియట్ మంచం అంచున చాలాసేపు కదలకుండా కూర్చుంటుంది. అడుగులు మర్చిపోయిందనుకున్నాం!

జవాబు: మర్చిపోలేదు, ఆ దృశ్యాన్ని అలాగే కూర్చారు. ఆర్కెస్ట్రా ఉప్పెనలా లేస్తుంటే ఆమె ఎదురుగా చూస్తూ ఒక నిర్ణయానికి వస్తుంది, ఆ తర్వాతే లేచి, సాయం చేసే సన్యాసి ఫ్రయర్ లారెన్స్ దగ్గరికి పరుగెడుతుంది. కొందరు ఇక్కడ కనుబొమలు ముడిచి, పెదాలు కొరికి నటిస్తారు. అవేవీ అక్కర్లేదు. ఊపిరి నిదానంగా ఉంటే చాలు. సంగీతం పతాకస్థాయికి చేరకముందే లేస్తే, పరుగు నిర్ణయంలా కాక భయంలా కనిపిస్తుంది.