రిటైర్మెంట్‌కు నాలుగేళ్లుంది… అప్పు చేసి ప్లాటు కొనవచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. ప్రైవేటు సంస్థలో 20 ఏళ్లుగా పనిచేస్తున్నాను. 58కి రిటైర్మెంట్. బేసిక్ రూ.55 వేలు, చేతికి రూ.84 వేలు వస్తుంది. ఇంటి ఖర్చులు రూ.36 వేలు, ఇంటి రుణం వాయిదా రూ.17 వేలు. ఆ రుణంలో ఇంకా రూ.7 లక్షల అసలు మిగిలి ఉంది. ఈపీఎఫ్‌లో రూ.36 లక్షలు, బ్యాంకు ఖాతాలో రూ.60 వేలు ఉన్నాయి. పిల్లల చదువులు, పెళ్లిళ్లు అయిపోయాయి. నాకు బీపీ, నా భార్యకు (50 ఏళ్లు) షుగర్ ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన రూ.5 లక్షల ఆరోగ్య బీమా ఇద్దరికీ వర్తిస్తుంది కాబట్టి వేరే పాలసీ తీసుకోలేదు. ఇంటి రుణంపై పదేళ్లకు 9.5 శాతం వడ్డీతో రూ.15 లక్షల టాపప్ మంజూరైంది. ప్రాసెసింగ్ ఫీజు కూడా కట్టాను. దీంతో ప్లాటు కొంటే రిటైరయ్యేసరికి రెట్టింపు అవుతుందని మిత్రులు చెబుతున్నారు. కొనమంటారా? - ఓ పాఠకుడు

జవాబు: ప్లాటు సంగతి తర్వాత చూద్దాం. కంపెనీ బీమా ఉంది కాబట్టి సొంత పాలసీ తీసుకోలేదన్నారు. ముందు తేలాల్సింది అది. యాభై దాటిన ఉద్యోగుల్లో చాలామంది చేసే పొరపాటే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

కంపెనీ గ్రూప్ పాలసీ మీరు ఉద్యోగంలో ఉన్నంతవరకే. చివరి పనిరోజుతో అది ఆగిపోతుంది. మధ్యలో ఉద్యోగం మారినా, కంపెనీ ఖర్చు తగ్గించుకోవాలని కవరేజీకి కోత పెట్టినా మీ చేతుల్లో ఏమీ ఉండదు. రిటైరయ్యాక సొంతంగా తీసుకుందాంలే అనుకుంటారు. అక్కడే దెబ్బ తగులుతుంది. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ క్లెయిము రాదు. కంటి శుక్లాలు, హెర్నియా, మోకీలు మార్పిడి లాంటి వాటికి సాధారణంగా రెండేళ్లు, కొన్ని పాలసీల్లో మూడేళ్లు ఆగాలి. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు, వాటివల్ల వచ్చే సమస్యలకు గరిష్ఠంగా 36 నెలల నిరీక్షణ కాలం ఉంటుంది. ఇది 2024 వరకు 48 నెలలుండేది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తగ్గించింది.

ఇప్పుడు మీ ఇంట్లో లెక్క వేసుకోండి. ఈ నెలలోనే పాలసీ తీసుకుంటే మీకు 57 ఏళ్లు నిండేసరికి బీపీ, షుగర్‌లకు నిరీక్షణ పూర్తవుతుంది. ఈలోగా ఏం జరిగినా కంపెనీ పాలసీ చూసుకుంటుంది. రిటైరయ్యే రోజున మీ చేతిలో అన్నిటికీ పనికొచ్చే పాలసీ ఉంటుంది. అదే 58లో తీసుకుంటే 61 ఏళ్లు వచ్చేదాకా గుండె, కిడ్నీ సమస్యతో ఆసుపత్రిలో చేరినా 'ఇది మీ పాత బీపీ వల్లే' అని క్లెయిము తిరస్కరించే వీలు బీమా సంస్థకు ఉంటుంది. అప్పటికి కంపెనీ కవరేజీ ఉండదు, సొంత పాలసీ ఉన్నా లేనట్టే. పైగా 58లో చేసే వైద్య పరీక్షల్లో ఇప్పుడు లేనివి ఇంకేం బయటపడతాయో! పాలసీయే ఇవ్వమని చెప్పేయవచ్చు. వాయిదా వేసిన ప్రతి నెలా మీకున్న నాలుగేళ్ల వెసులుబాటు నుంచి తరిగిపోతోంది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద రూ.5 లక్షల కవరేజీ ఉంది కదా అని ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. ఉంది. మరి 58 నుంచి 70 దాకా ఉన్న ఆ పన్నెండేళ్ల మాటేమిటి?

ఎంతకు తీసుకోవాలి? ఇద్దరికీ వేర్వేరుగా రూ.10 లక్షల చొప్పున తీసుకోండి. ఫ్లోటర్ (ఇద్దరికీ కలిపి ఒకే పాలసీ) అయితే ప్రీమియం పెద్దవారి వయసును బట్టి లెక్కిస్తారు. ఒకే ఏడాదిలో ఇద్దరూ ఆసుపత్రి పాలైతే ఉన్న ఒక్క కవరేజీనే పంచుకోవాలి. బడ్జెట్ చాలకపోతే రూ.10 లక్షల ఫ్లోటరుకు సరిపెట్టుకోండి కానీ, ఆ పైన సూపర్ టాపప్ పాలసీ మాత్రం వదలొద్దు (ఈ టాపప్ మంచిది, మీకు బ్యాంకు మంజూరు చేసినది వేరు). రూ.10 లక్షలు దాటిన ఖర్చును భరించేలా రూ.40 లక్షల సూపర్ టాపప్‌కు అయ్యే ప్రీమియం, అంతే మొత్తానికి మామూలు పాలసీ తీసుకుంటే అయ్యేదానితో పోలిస్తే చాలా తక్కువ. 'సూపర్' అన్న మాట ఉందో లేదో చూసుకోండి. మామూలు టాపప్‌లో ప్రతి ఆసుపత్రి బిల్లూ విడివిడిగా రూ.10 లక్షలు దాటాలి. సూపర్ టాపప్‌లో ఏడాది మొత్తం బిల్లులు కలిపి దాటితే చాలు.

ప్రీమియం తక్కువగా ఉందని గది అద్దెకు పరిమితి ఉన్న పాలసీ తీసుకోకండి. రోజుకు రూ.5 వేల పరిమితి ఉండి, మీరు రూ.8 వేల గదిలో చేరారనుకోండి. ఆ రూ.3 వేల తేడాతో ఊరుకోరు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ లాంటి ఖర్చులన్నీ అదే దామాషాలో, అంటే 62.5 శాతమే చెల్లిస్తారు. అవి రూ.2 లక్షలైతే మీ జేబు నుంచి రూ.75 వేలు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించదు గానీ, పెద్ద భారం ముందే పడిపోతుంది. కో-పే విషయంలోనూ అంతే. 60 దాటాక ప్రతి బిల్లులో 20 శాతం మీరే భరించాలన్న నిబంధన చాలా సీనియర్ పాలసీల్లో కనిపిస్తుంది. ఇప్పుడే, 54లోనే, మామూలు పాలసీలో చేరడానికి అదొక కారణం.

ప్రపోజల్ ఫారంలో మీ బీపీ, ఆవిడ షుగర్, వాడుతున్న మాత్రలు, ఎప్పటి నుంచో అన్నీ రాయండి. 'చిన్న బీపీయే కదా, రాయకండి, ప్రీమియం పెరుగుతుంది' అనే ఏజెంటు క్లెయిము రోజున ఫోన్ ఎత్తడు. ఆసుపత్రి కేస్ షీటులో 'ఆరేళ్లుగా బీపీ' అని డాక్టరు రాసే ఒక్క లైను చాలు, పాలసీ రద్దయిపోతుంది. అరవై నెలలు ఆగకుండా కొనసాగిన తర్వాత, మోసం ఉంటే తప్ప సమాచారం దాచారన్న కారణంతో క్లెయిము కాదనలేరు. మీరు అంతదాకా ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉండాల్సిన అవసరమేమిటి? ఉన్నది చెప్పి కాస్త ఎక్కువ ప్రీమియం కట్టడమే మేలు. ఒక సంస్థ తిరస్కరిస్తే ఆ సంగతి రెండో సంస్థకు కూడా చెప్పాల్సిందే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు, ఆ మేరకు భారం తగ్గింది.

రెండు పాలసీలూ ఉన్నన్నాళ్లు ఏ క్లెయిమైనా ముందు కంపెనీ పాలసీలోనే చేసుకోండి. క్లెయిము చేయని ప్రతి ఏడాదికీ సొంత పాలసీలో కవరేజీకి కలిసే బోనస్ పెరుగుతూ పోతుంది. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలు కూడా ఉంటుంది, నిరీక్షణ కాలం కలిసొస్తుంది. అయితే ఇవ్వాలా వద్దా అన్నది మీ ఆరోగ్యం చూసి సంస్థ నిర్ణయిస్తుంది. దాన్నే నమ్ముకుని కూర్చోలేరు.

ఇక అత్యవసర నిధి. నెలకు రూ.53 వేలు తప్పనిసరిగా బయటికి పోయే ఇంట్లో బ్యాంకు నిల్వ రూ.60 వేలు! ఒక నెల జీతం ఆలస్యమైతే రెండో నెల వాయిదా తప్పుతుంది. 54లో ఉద్యోగం పోతే మరొకటి దొరకడానికి ముప్ఫైల్లో పట్టినంత తక్కువ సమయం పట్టదు. ఆరు నెలలకు రూ.3.18 లక్షలు కావాలి. ఉన్నది పోను మరో రూ.2.58 లక్షలు. అన్ని ఖర్చులూ పోగా మీకు నెలకు రూ.31 వేలు మిగులుతోంది. అందులో రూ.6 వేలు ప్రీమియం కోసం ప్రత్యేకంగా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మిగిలిన రూ.25 వేలు ఈ నిధికి మళ్లిస్తే పదకొండు నెలల్లో పూర్తవుతుంది. రెండు నెలల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది స్వీప్ ఇన్ డిపాజిట్‌లోనో (సేవింగ్స్ ఖాతాతో ముడిపడి, అవసరమైనప్పుడు తీసుకోగల ఎఫ్‌డీ), లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచండి. మొదటి ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టాల్సి వస్తుంది కాబట్టి ఉన్న రూ.60 వేల నుంచి కట్టేసి, ఆ లోటును తర్వాతి నెలల్లో పూడ్చుకోవచ్చు. నిధి పూర్తయ్యేదాకా ఆగి పాలసీ తీసుకుందామనుకోవద్దు.

ఇప్పుడు మీరడిగిన ప్లాటు. రూ.15 లక్షలకు 9.5 శాతం చొప్పున పదేళ్లకు వాయిదా దాదాపు రూ.19,400. మీ మిగులు రూ.31 వేలలో చేతికి మిగిలేది రూ.11,600. దాంతో ప్రీమియం కడతారా, నిధి కూడబెడతారా? నాలుగేళ్లలో మీరు కట్టేది రూ.9.3 లక్షలు. అందులో అసలుకు జమయ్యేది రూ.4.4 లక్షలే. రిటైరయ్యే రోజున ఇంకా రూ.10.6 లక్షల బాకీ, జీతం లేకుండా మరో ఆరేళ్ల వాయిదాలు. మీ పాత రుణం, వడ్డీ 8.5 శాతం అనుకుంటే, దాదాపు 49 నెలల్లో, అంటే సరిగ్గా ఉద్యోగం ముగిసే సమయానికి తీరిపోతుంది. ఇంత చక్కగా కుదిరిన లెక్కను చేజేతులా చెడగొట్టుకోవడం ఎందుకో నాకు అర్థం కాలేదు.

రెట్టింపు మాటకొద్దాం. 9.5 శాతం వడ్డీకి తెచ్చిన రూ.15 లక్షలు నాలుగేళ్లలో దాదాపు రూ.21.9 లక్షలైతేనే అసలు, వడ్డీ సరిపోతాయి. రిజిస్ట్రేషన్ ఖర్చులు, కమీషన్ ఆ పైన. అమ్మాక వచ్చిన లాభంపై ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి చూపే వెసులుబాటు) లేకుండా 12.5 శాతం పన్ను. మీ మిత్రులు చెప్పే రెట్టింపులో ఇవేవీ ఉండవు. కావాల్సిన రోజున కావాల్సిన ధరకు కొనేవాడు దొరకడం మరో పాటు. ఆసుపత్రి కౌంటరులో ప్లాటు కాగితాలు చూపిస్తే అడ్వాన్సు కట్టినట్టు కాదు. అప్పు తీర్చడానికి చివరికి ఈపీఎఫ్ నుంచి తీస్తారు. ఇలాంటి కథలన్నీ అక్కడికే చేరతాయి. సొంత డబ్బుతో, జీతం వచ్చే వయసులో, అనుమతులున్న లేఅవుట్‌లో స్థలం కొంటానంటే నేనేమీ అనను. పెన్షను లేని మనిషి ఉన్న ఇంటిని తాకట్టులో పొడిగించుకుని కొనడం మాత్రం పెట్టుబడి కాదు, జూదం.

'పెన్షను లేని' అన్నాను. ఈపీఎఫ్‌తో పాటు ఉండే పెన్షను పథకం ఈపీఎస్ ఉంది కదా అంటారు. మీ సర్వీసుకు అది నెలకు రూ.5 వేల లోపే. ఈపీఎఫ్ ఇప్పటి 8.25 శాతం వడ్డీతోనే కొనసాగితే 58 నాటికి దాదాపు రూ.56 లక్షలు, ఇప్పటి బేసిక్ మీదే గ్రాట్యుటీ రూ.7.6 లక్షలు. అత్యవసర నిధి పూర్తయ్యాక మిగిలిన మూడేళ్లూ ఆ రూ.25 వేలు పొదుపు చేస్తే మరో రూ.10 లక్షలు. అన్నీ కలిపి రూ.74 లక్షల చుట్టూ. ధరలు ఏటా 6 శాతం పెరిగితే మీ రూ.36 వేల ఖర్చు అప్పటికి రూ.45 వేలు దాటుతుంది, ప్రీమియం అదనం. డబ్బు మీద 7 శాతం వచ్చినా ఈ మొత్తం మీకు 72 ఏళ్లు వచ్చే దాకా సరిపోతుంది. అప్పటికి మీ భార్యకు 68. కాబట్టి 58కి పూర్తిగా విశ్రాంతి తీసుకునే స్థితి మీకు లేదు. జీతం సగమైనా ఫర్వాలేదు, ఇంటి ఖర్చుకు సరిపడా సంపాదన 63 దాకా ఉండేలా, చేతకాని పని కాకుండా మీకు ఇష్టమైన పని ఏదైనా ఇప్పటి నుంచే చూసుకోండి. ఆ ఐదేళ్లూ నిధిని ముట్టకుండా ఉంటే మరో ఆరేళ్లు అదనంగా వస్తుంది.

రిటైరయ్యాక సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ గురించి ఒక్క మాట. 58కే మీకు అర్హత ఉంటుంది కానీ, రిటైర్మెంట్ డబ్బు అందిన మూడు నెలల్లోగా ఖాతా తెరవాలి. ఆ గడువు దాటితే 60 నిండేదాకా ఆగాలి. రూ.30 లక్షల పరిమితి మేరకు వేస్తే ఇప్పటి 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి రూ.61,500 వస్తుంది. ఒకే బ్యాంకులో ఒకరి పేరిట డిపాజిట్లలో రూ.5 లక్షలు దాటిన మొత్తానికి బీమా ఉండదు, మిగతా డబ్బు పంచి వేసుకోండి. కొంత ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) ఉండాలి, 20 శాతానికి మించకుండా.

టాపప్‌కు ప్రాసెసింగ్ ఫీజు కట్టేశానన్నారు. పోతే పోనివ్వండి. రుణం ఇంకా ఖాతాలో పడలేదు కాబట్టి వద్దని బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, రద్దు చేసినట్టు కాగితం తీసుకోండి. ప్లాటుకు టోకెన్ అడ్వాన్సు ఇచ్చి ఉంటే, ఒప్పందంలో వెనక్కిచ్చే నిబంధన ఏముందో చూసుకుని ఈ వారమే అడగండి. మంజూరు గడువు దాటిపోతుందని బ్యాంకు నుంచి ఫోన్లు వస్తాయి, రానివ్వండి. ఆ వారంలోనే మీ ఇద్దరి పాత వైద్య పరీక్షల రిపోర్టులు, మందుల చీటీలు ఒకచోట పెట్టుకుని బీమా ప్రపోజల్ ఫారం నింపండి.