14 ఏళ్ల గడువు ముగిశాక కూడా కేసులెందుకు? - సమాధానం

బ్రిటన్‌లో 1710 నాటి ఆన్ రాణి చట్టం (కాపీరైట్ చట్టం) కొత్త పుస్తకానికి 14 ఏళ్లు, రచయిత బతికుంటే మరో 14 ఏళ్లు అచ్చు హక్కు ఇచ్చింది కదా, మరి 1760ల్లో లండన్ ప్రచురణకర్తలు పాత పుస్తకాల మీద కేసులెలా వేశారని అడిగారు. మీ లెక్కలో తప్పేం లేదండీ. అప్పటికే అచ్చయిన పుస్తకాలకు ఇచ్చిన 21 ఏళ్లు కూడా 1731లో ముగిశాయి.

చిక్కల్లా కామన్ లాతో, అంటే చట్టసభ చేసిన చట్టం కాకుండా కోర్టు తీర్పుల ద్వారా ఏర్పడిన న్యాయంతో వచ్చింది. చట్టం గడువు ఎంతైనా సరే, రచన అనేది రచయిత ఆస్తి, దాన్ని కొన్నాం కాబట్టి అది మాకు శాశ్వతం అన్నది వ్యాపారుల వాదన. రచయితల మీద ప్రేమేం కాదు లెండి, చౌక ముద్రణలను ఆపడమే అసలు పని. 1769లో మిల్లర్ వర్సెస్ టేలర్ కేసులో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ కోర్టు దీన్ని ఒప్పేసుకుంది కూడా. గొడవ జేమ్స్ థామ్సన్ రాసిన 'ది సీజన్స్' కావ్యం గురించి, దాని హక్కులు కొన్న ప్రచురణకర్తే ఈ మిల్లర్. థామ్సన్ పోయింది 1748లో!

ఎడిన్‌బరోకు చెందిన అలెగ్జాండర్ డొనాల్డ్‌సన్ అదే పుస్తకాన్ని చౌకగా అచ్చేశాడు. మిల్లర్ చనిపోయాక హక్కులు కొన్న బెకెట్ బృందం అతని మీద ఇంజంక్షన్ (అచ్చు ఆపమనే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుంది. అతను హౌస్ ఆఫ్ లార్డ్స్‌కు (బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ, అప్పట్లో అత్యున్నత అప్పీలు కోర్టు కూడా అదే) అప్పీలుకెళ్లాడు. 1774 ఫిబ్రవరి 22న డొనాల్డ్‌సన్ గెలిచాడు. అచ్చయిన పుస్తకానికి శాశ్వత హక్కు లేదని తేలింది అప్పుడే.

కాబట్టి మీ వ్యాసంలో 1710 పక్కన 1774 కూడా పెట్టండి. మధ్యలోని 1769 తీర్పును వదిలేస్తే మాత్రం మళ్లీ ఇదే ప్రశ్న వస్తుంది.