మానిటర్ తీసి పెట్టినప్పుడల్లా విండోలు చెదిరిపోతుంటే

మీరు అడిగింది: పగలు బయట లాప్‌టాప్ మీద పని, సాయంత్రం ఇంట్లో పెద్ద మానిటర్. తగిలించిన ప్రతిసారీ విండోలన్నీ మళ్లీ సర్దుకోవాల్సి వస్తోంది, దీనికి దారి ఉందా అని. ఉంది. కానీ ముందు అవి సరిగ్గా ఎప్పుడు చెదురుతున్నాయో గమనించండి. నేను ఆ పని చేయకుండా రెండు నెలలు సెట్టింగులు కెలుకుతూ కూర్చున్నాను.

నాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ కొట్లకు లెక్కలు రాస్తాను. రాత్రి బ్రాడీపేట ఇంట్లో మానిటర్ మీద ఎడమ సగం లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ, కుడి సగం టిక్కీల (మిర్చి బస్తాల) ఎక్సెల్ షీటు, లాప్‌టాప్ తెర మీద జీఎస్టీ పోర్టల్.

మొదట చేయాల్సింది చిన్నదే. విండోస్ 11 సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, మల్టిపుల్ డిస్‌ప్లేస్‌లోకి వెళ్లి 'రిమెంబర్ విండో లొకేషన్స్ బేస్డ్ ఆన్ మానిటర్ కనెక్షన్' అన్నదానికి టిక్కు పెట్టండి. కేబుల్ పీకి మళ్లీ పెడితే చాలాసార్లు విండోలు పాత చోటికే వెళ్తాయి. రోజూ ఒకే పోర్టుకి తగిలించండి. నేను పోర్టు మార్చిన రోజు అన్నీ మొదటికొచ్చాయి.

అయినా నా బాధ తీరలేదు. అమ్మకాల జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-1కి 11వ తారీఖు గడువు కదా, 10న రాత్రి కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుంది. ఫ్యాను కూడా ఆగలేదు, మానిటర్ మాత్రం ఒక్కసారి ఆరి వెలిగింది. ఆ క్షణంలో విండోలన్నీ చిన్న తెర మీద కుప్పపడ్డాయి. ఆ తొందరలో ఒక కొట్టు అంకెలు ఇంకో కొట్టు షీటులో కొట్టేశాను. తెల్లారి తక్‌పట్టీలతో (అమ్మకం చీటీలతో) సరిచూస్తే గానీ బయటపడలేదు.

నా మానిటర్ డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మీద ఉంది. ఆ కేబుల్‌తో మానిటర్ ఆరిపోతే చాలాసార్లు లాప్‌టాప్ దాన్ని పీకేసినట్టే లెక్కేస్తుంది. ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్చు ఉంటుంది చూడండి, దాన్ని యూపీఎస్ మోడ్‌కి మార్చాను; అందులో ఇన్వర్టర్ ఇంకా త్వరగా అందుకుంటుంది. మానిటర్ ఆరడం ఆగిపోయింది. రెండు నెలల టెన్షన్‌కి మందు ఆ స్విచ్చు!

లాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తే మాత్రం ఆ టిక్కు సాయపడదు. దానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల ఉచిత టూల్స్ ప్యాకేజీ పవర్‌టాయ్స్‌లో వర్క్‌స్పేసెస్ అనే టూల్ ఉంది. అన్నీ సర్దుకుని ఆ అమరికను ఒకసారి క్యాప్చర్ చేస్తే, తర్వాత ఒక్క క్లిక్కుతో ఆ అప్లికేషన్లనే తెరిచి అదే చోట్ల పెడుతుంది. క్రోమ్ లోపలి ట్యాబ్‌లు మాత్రం రావు. నా ట్యాలీ మొదట్లో కదిలేదే కాదు; దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా (పూర్తి అనుమతులతో) తెరిచేలా నేనే పెట్టుకున్నాను మరి, అలాంటి విండోని మామూలు ప్రోగ్రాం కదపలేదు. పవర్‌టాయ్స్‌ని కూడా అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే దారికొచ్చింది.

ఏదైనా విండో తెర బయటెక్కడో ఇరుక్కుంటే ఆల్ట్-ట్యాబ్‌తో దాన్ని ఎంచుకుని విండోస్, షిఫ్ట్, ఎడమ బాణం కలిపి నొక్కండి, పక్క తెర మీదికి దూకుతుంది.

మీది విండోస్ 10 అయితే ఆ టిక్కు కనిపించదు. అప్పుడు పవర్‌టాయ్స్‌లోనే తెరను గడులుగా విడగొట్టే ఫ్యాన్సీజోన్స్ పెట్టుకుని, షిఫ్ట్ పట్టుకుని విండోని లాగి గడిలో వదిలేయండి. చేత్తో అంచులు సర్దడం కన్నా నయం.