పక్క సీట్లో ఎవరూ లేనప్పుడు దారెవరు చెప్తారు?

ప్రశ్న: నాకు లైసెన్స్ వచ్చి రెండు నెలలైంది. తెలిసిన దారిలో పర్వాలేదు కానీ, కొత్త చోటికి ఒక్కదాన్నే వెళ్లాలంటే ముందురోజు రాత్రి నుంచే టెన్షన్. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని ఒకసారి బయల్దేరాను. ‘200 మీటర్లలో కుడివైపు తిరగండి’ అంటుంది, 200 మీటర్లంటే ఎంతదూరమో నాకు తోచదు, ఫోన్ వైపు చూసి తల ఎత్తేలోగా మలుపు దాటిపోతుంది, వెనకవాళ్లు హారన్ కొడతారు, నా చేతులు వణుకుతాయి. కార్లో పెట్టుకునే విడి జీపీఎస్ నావిగేటర్ కొనుక్కోమని మా అన్నయ్య అంటున్నాడు. ఫోనుండగా అది దండగ అని మావారు. ఎవరి మాట వినను? కొంటే ఏం చూసి కొనాలి?

జవాబు: కొనడం సంగతి కాసేపు ఆగండి, ముందు ఆ 200 మీటర్ల సంగతి చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో వెళ్తుంటే అది దాదాపు 18 సెకన్లు, 60లో అయితే 12. ఆ కాస్త టైములో మీరు అద్దం చూసుకోవాలి, ఇండికేటర్ వేయాలి, లేన్ మారాలి, వేగం తగ్గించాలి. ఏళ్ల తరబడి నడిపినవాళ్లకి ఇవన్నీ చేతులే చేసుకుపోతాయి. రెండు నెలల డ్రైవర్‌కి ఒక్కొక్కటీ ఒక్కో ఆలోచన. కాబట్టి మీకు కావాల్సింది ముందుగా చెప్పేది, ఒకే మలుపు గురించి రెండు మూడుసార్లు చెప్పేది, వీలైతే రోడ్డు పేరుతో చెప్పేది. మిగతావన్నీ ఆ తర్వాతే.

అందుకే ఫోన్ అయినా నావిగేటర్ అయినా నేను చెప్పే పరీక్ష ఒక్కటే. చాలా నావిగేటర్లలో కారు కదలకుండానే దారంతా నడిపి చూపించే డెమో ఉంటుంది, అది పెట్టమని అడగండి, కళ్లు మూసుకుని వినండి. ఎటు తిరగాలో, ఎంతలో తిరగాలో చెవులతోనే తెలిసిపోతే ఆ వస్తువు మీకు పనికొస్తుంది. తెలియకపోతే తెర ఎంత పెద్దదైనా వదిలేయండి. ఎందుకంటే 60 వేగంలో రెండు సెకన్లు తెర వైపు చూశారంటే కారు 33 మీటర్లు మీరు చూడకుండానే వెళ్లిపోయినట్టు. ఫోన్ యాప్‌కి డెమో లేకపోతే మీవారు నడుపుతుండగా పక్క సీట్లో కూర్చుని అలాగే కళ్లు మూసుకుని వినండి.

గొంతు ఎక్కడి నుంచి వస్తోందో కూడా చూసుకోండి. కొన్ని కార్లలో ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపితే వాక్యం మొదటి ముక్కని స్పీకర్ మింగేస్తుంది. ‘ఎడమ’ ఎగిరిపోయి ‘వైపు తిరగండి’ అని మాత్రమే వినిపిస్తుంది, ఎటు వైపో దేవుడికెరుక! అలాంటప్పుడు మాటలు ఫోన్ స్పీకర్లోనే వచ్చేలా మార్చుకోవచ్చు.

ఇక అన్నయ్యా, మీవారా అన్న తగవు. కారు ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి రెంటికీ ఒకటే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సిగ్నల్ అందితే చాలు, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇంటర్నెట్ కావాల్సింది మ్యాప్ దించుకోడానికీ, ఎక్కడ ట్రాఫిక్ ఆగిందో తెలుసుకోడానికీ. ఫోన్‌కి ఆ ట్రాఫిక్ సమాచారం ఎప్పటికప్పుడు వస్తుంది, మ్యాప్ దానంతటదే కొత్తదవుతుంది, ఇవి గట్టి లాభాలు. కానీ సరిగ్గా మలుపు దగ్గరే ఎవరో కాల్ చేస్తారు, ఎండలో డ్యాష్‌బోర్డు మీద పెడితే కాలిపోతుంది. ఐఫోన్లని 35 డిగ్రీల్లోపు వాతావరణంలో వాడమని యాపిల్ కంపెనీయే చెప్తుంది, ఎండలో ఆపిన కారు లోపల అంతకంటే చాలా వేడి ఉంటుంది. వేడెక్కితే తెర మసకబారడం మామూలే.

గార్మిన్, టామ్‌టామ్ లాంటి విడి నావిగేటర్లలో మ్యాప్ లోపలే ఉంటుంది, నెట్‌వర్క్ లేని చోటా దారి చెప్తుంది, ఆ పని తప్ప ఇంకో ధ్యాస ఉండదు. జంక్షన్ రాగానే ఏ లేన్‌లో ఉండాలో బాణాలతో చూపించే మోడల్స్ ఉన్నాయి, కొత్తవాళ్లకి నిజంగా పనికొచ్చేది అదే. కొనేముందు మ్యాప్ అప్‌డేట్లు ఎంతకాలం ఉచితమో, ఎలా ఎక్కించుకోవాలో తప్పక అడగండి. పాత మ్యాప్ ఉన్న నావిగేటర్ కంటే ఏదీ లేకపోవడం నయం, కొత్తగా వన్‌వే చేసిన రోడ్డులోకి ధీమాగా తీసుకెళ్తుంది. తెర అయిదంగుళాలు సరిపోతుంది, ఏడంగుళాలది చిన్న కారులో ముందు అద్దానికి అడ్డం పడుతుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట మాత్రం ఏ స్టాండూ బిగించొద్దు.

నా మాటంటారా, ఫోన్‌లోని మ్యాప్‌ని కారు తెర మీదే చూపించే ఆండ్రాయిడ్ ఆటో కానీ యాపిల్ కార్‌ప్లే కానీ మీ కార్లో ఉంటే ఏమీ కొనొద్దు. లేకపోతే గట్టి హోల్డరు, మంచి కార్ ఛార్జర్ కొనుక్కుని నెలరోజులు ఫోన్‌తోనే నడపండి. డ్రైవింగ్‌లో కాల్స్, మెసేజ్‌లు రాకుండా సెట్టింగ్ పెట్టుకోండి, వెళ్లే ప్రాంతం మ్యాప్‌ని ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అప్పటికీ ఫోన్ మిమ్మల్ని కంగారు పెడుతుంటే అన్నయ్య మాటే సరి.

ఏది వాడినా దారిని మాత్రం మీరే ఎంచుకోండి. రెండు నిమిషాలు కలిసొస్తుందంటే చాలు, అది మిమ్మల్ని సందుల్లోకి తోసేస్తుంది, ట్రాఫిక్ సిగ్నల్ లేని చోట పెద్ద రోడ్డు అడ్డంగా దాటమంటుంది. ఇది మీ ఒక్కరి బాధే కాదు, కష్టమైన కూడళ్లని తప్పించే ఏర్పాటుని వేజ్ అనే దారి చెప్పే యాప్ 2016లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టింది. మనకి అది అందకపోయినా ఇంట్లో కూర్చుని మొత్తం దారి ఒకసారి చూసుకుని, పది నిమిషాలు ఎక్కువైనా పెద్ద రోడ్ల దారి తీసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, మలుపు తప్పిపోతే పోనివ్వండి. ఉన్న లేన్‌లోనే నేరుగా వెళ్లండి, అరనిమిషంలో అదే కొత్త దారి వెతుకుతుంది. రివర్స్ చేయొద్దు, ఆఖరి క్షణంలో అడ్డంగా లేన్లు మారొద్దు. దానికీ తప్పులుంటాయి మరి. ఆరుబయట కూడా ఫోన్ చెప్పే చోటు అయిదు మీటర్ల దాకా అటూ ఇటూ కావచ్చు, ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకి తగిలి వస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ. పైన ఫ్లైఓవర్, కింద సర్వీస్ రోడ్డు ఉంటే ఎక్కడున్నామో దానికి తెలియదు. ఒకసారి నేను ఫ్లైఓవర్ మీద ఉండగా ‘ఇప్పుడు ఎడమవైపు తిరగండి’ అంది, అటు పిట్టగోడ తప్ప ఏమీ లేదు. రోడ్డు మీది బోర్డు ఒకటి చెప్పి అది ఇంకోటి చెప్తే బోర్డునే నమ్మండి.

ప్రశ్న: నా నావిగేటర్ ఆన్ చేశాక ‘ఉపగ్రహాల కోసం వెతుకుతోంది’ అని చాలాసేపు అలాగే ఉండిపోతుంది. పాడైందంటారా?

జవాబు: పాడవ్వలేదు. ప్రతి ఉపగ్రహమూ తాను ఎక్కడున్నదీ 30 సెకన్లకోసారి చెప్తుంటుంది, మీ పరికరం అది పూర్తిగా వినాలి. చాలారోజులు ఆపేసి ఉంచినా, ఆపేసి దూరం తీసుకెళ్లినా ఇంకా ఎక్కువసేపు పడుతుంది, అన్ని ఉపగ్రహాల జాబితా మొత్తం అందడానికైతే పన్నెండున్నర నిమిషాలు. ఫోన్‌కి ఈ సమాచారం నెట్‌వర్క్ నుంచి వచ్చేస్తుంది కాబట్టి దానికి అంత ఆలస్యం ఉండదు. సెల్లార్‌లోంచి బయటికొచ్చి, ఆకాశం కనిపించే చోట కారు ఆపి, దారి కనిపించాకే కదలండి.

ప్రశ్న: ఇలా మ్యాప్ చూసి నడిపితే దారి గుర్తుపెట్టుకోవడం మర్చిపోతావని మా నాన్న గొడవ. నిజమేనా?

జవాబు: కొంత నిజమే. అది చెప్తూ ఉంటే మనం చుట్టూ చూడం. అదే చోటికి రెండోసారి వెళ్లేటప్పుడు సౌండ్ తీసేసి, తప్పినప్పుడు మాత్రమే తెర చూడండి, మూడోసారి ఆపేయండి. అంతేకానీ దారి చెప్పమని నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోకండి. ఆయన ‘ఇదుగో ఇక్కడే, ఇక్కడే తిరుగు’ అనేది మలుపు మీదికి వచ్చేశాకే.