కాగితంలో పిల్లలు సమస్యలైపోతే

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. మా అబ్బాయికి ఇటలీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ కోసం కుటుంబ వివరాలతో ఇంగ్లీషులో అఫిడవిట్ రాయించాం. అందులో టైపిస్టు నాకు ‘టూ ఇష్యూస్, వన్ మేల్ అండ్ వన్ ఫిమేల్’ అని కొట్టాడు. మావాడు ఫోన్‌లో ఇటాలియన్‌లోకి మార్చి చూస్తే ‘ప్రొబ్లేమి’ అని, అంటే సమస్యలు అని వచ్చిందట. తహసీల్దారు ఇచ్చిన ఆదాయం సర్టిఫికెట్‌లో ‘డేట్ ఆఫ్ ఇష్యూ’ దగ్గర ఇంకేదో వచ్చింది. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఇష్యూకి సరైన ఇటాలియన్ మాట ఒక్కటి చెప్పండి, అన్నిచోట్లా అదే పెట్టిస్తాం.
– ఒక తండ్రి

జవాబు: అన్నిచోట్లా సరిపోయే మాట లేదు బాబు గారూ. మీ టైపిస్టునూ ఏమీ అనకండి. పాత ఇంగ్లీషు చట్టాల్లో సంతానాన్ని ఇష్యూ అనేవారు. వీలునామాల్లో, వారసుల కాగితాల్లో ఆ వాడుక ఇక్కడ ఇంకా బతికే ఉంది. మా నాన్నగారు బరంపురం కోర్టు దగ్గర దస్తావేజులు రాసేవారు, ‘డైడ్ ఇష్యూలెస్’, అంటే సంతానం లేకుండా పోయారు అన్న ముక్క నేను స్కూలు పాఠాల కంటే ముందు ఆయన కాగితాల్లోనే చదివాను. పెళ్లిళ్లలో పెద్దవాళ్లు “వాళ్లకి ఇష్యూస్ ఎంతమంది?” అని ఇప్పటికీ అడుగుతారు కదా!

ఇటాలియన్‌లో పిల్లల్ని ‘ఫీల్యి’ అంటారు. ‘ప్రోలె’ అని ఇంకో మాట ఉంది కానీ అది కోర్టు భాష, మీకు అక్కర్లేదు. సర్టిఫికెట్ ఇచ్చిన తేదీకి ‘దాతా ది రిలాషో’ అనాలి, వాళ్ల పాస్‌పోర్టు మీద ఉండేదీ అదే. ఫోన్ బహుశా ‘ఎమిస్సియోనె’ అని చూపించి ఉంటుంది. అది షేర్లు, తపాలా బిళ్లలు విడుదల చేసినప్పటి మాట. అర్థమైతే అవుతుంది, మీకు దానివల్ల పెద్ద నష్టం లేదు. పత్రిక సంచిక అయితే ‘నూమెరో’.

నష్టమంతా ఆ ‘ప్రొబ్లేమి’ దగ్గరే. అక్కడి స్కాలర్‌షిప్పులకు కుటుంబ ఆదాయానికి ఆస్తిలో 20 శాతం కలిపి, ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి ఒక అంకెతో భాగిస్తారు. ఇద్దరైతే 1.57, ముగ్గురైతే 2.04, నలుగురైతే 2.46. అలా వచ్చేదే ఐఎస్‌ఈఈ, అంటే కుటుంబం స్తోమత చూపే అంకె. విదేశీ ఆదాయంతో వేస్తే పక్కన ‘పారిఫికాతో’ అని చేరుస్తారు. ‘కాఫ్’ అనే సహాయ కేంద్రాల్లో ఈ లెక్క వేస్తారు. పిల్లలు సమస్యలైపోతే ఆ గుమస్తాకు మీ ఇంట్లో మనుషులు తక్కువ కనిపిస్తారు. భాగించే అంకె తగ్గితే, పాపం, కాగితం మీద మీరు నిజంగా ఉన్నదానికంటే డబ్బున్నవాళ్లు! మంచివాడైతే ఇదేమిటని కాగితం తిప్పి పంపుతాడు, ఈలోగా గడువు దాటిపోవచ్చు.

కాబట్టి ఇటాలియన్ సంగతి తర్వాత, ముందు ఇంగ్లీషు మార్పించండి. ‘ఇష్యూస్’ తీసేసి ‘సన్’, ‘డాటర్’ అని పేర్లు, పుట్టిన తేదీలతో కొత్త అఫిడవిట్ రాయించండి. పెన్నుతో కొట్టి దిద్దొద్దు. మన కాగితం విదేశంలో చెల్లడానికి వేసే అపోస్టిల్ ముద్రకు పంపేలోపే ఈ పని అయిపోవాలి, ముద్ర పడ్డాక మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. అనువాదం ఎవరు చేస్తే చెల్లుతుందో, ఏ ముద్రలు కావాలో స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ల ‘బాండో’లో, అంటే స్కాలర్‌షిప్ ప్రకటనలో ఉంటుంది. ఏజెంటు మాట కంటే అది నమ్మండి.

అమ్మాయి సంగతి మీరు రాయలేదు. పెళ్లయి పలాసలోనో టెక్కలిలోనో వేరే కాపురం ఉంటే ఆ అమ్మాయి మీ కూతురే గానీ ఆ లెక్కలో మీ ఇంటి మనిషి కాదు. అప్పుడు మీరు ముగ్గురే, 2.04. అఫిడవిట్‌లో ‘పిల్లలు ఇద్దరు’ అని రాసి ఊరుకోకుండా, ఇంట్లో కలిసి ఉంటున్నవాళ్లు ఎవరెవరో విడిగా రాయించండి.

ఇంకో మాట కూడా చూసుకోండి. ‘అన్‌మ్యారీడ్’ అని ఉన్నచోట అబ్బాయికి ‘చేలిబె’, అమ్మాయికి ‘నూబిలె’ అని రావాలి. తారుమారైతే మీవాడి కాగితం చూసి కౌంటర్‌లో ఆవిడ నవ్వుకుంటుంది.