నొప్పి తగ్గింది... మరి నడక ఎందుకు తూలుతోంది?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 63. ఏడాది కిందట మెడనొప్పి వస్తే మందులు వాడాం, తగ్గిపోయింది. కానీ కొన్ని నెలలుగా చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు. నడుస్తుంటే తూలుతున్నారు. కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. ఎంఆర్‌ఐలో మెడలోని సి5-సి6 ఎముకల దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయిందని రాశారు. డాక్టర్ ఆపరేషన్ అంటున్నారు. నొప్పే లేనప్పుడు ఎందుకని నాన్న వాదన. చేయిస్తే కాళ్లూ చేతులూ పడిపోతాయని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాన్నగారి విషయంలో నొప్పిని లెక్కలోకి తీసుకోకండి. వెన్నుపాము నుంచి పక్కకు చీలే నరం నొక్కుకుంటే చెయ్యి పొడవునా లాగేస్తుంది, రాత్రిళ్లు నిద్రపట్టనివ్వదు. వెన్నుపామే నొక్కుకున్నప్పుడు మాత్రం చాలామందికి పెద్దగా నొప్పి ఉండదు. వేళ్ల పనితనం, చేతి పట్టు, నడక మెల్లమెల్లగా దెబ్బతింటాయి. వయసు మీద పడిందిలే అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. షుగర్ తిమ్మిర్లని ఒక్కోసారి డాక్టర్లూ పొరబడతారు. అలా నెలలు గడిచిపోతుంటాయి.

డిస్కులు అరిగి వెనక్కి ఉబ్బడం, ఎముక అంచులు పెరగడం, ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లు మందం కావడం వల్ల వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది. పుట్టుకతోనే ఆ దారి సన్నగా ఉన్నవారికి కొంచెం అరిగినా ఇబ్బంది మొదలవుతుంది. నొక్కుడుతో పాటు అక్కడ రక్తప్రసరణ కూడా తగ్గుతుంది.

ఇంట్లో ఒకటి చూడండి. గుప్పిట పూర్తిగా మూసి, పూర్తిగా తెరవమనండి. 10 సెకన్లలో దాదాపు 20 సార్లు చేయగలగాలి. వేళ్లు బిగుసుకుపోయి అంతకన్నా బాగా తక్కువసార్లే చేస్తుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. బి12 లోపంలోనూ ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి కాబట్టి ఆ రక్తపరీక్ష కూడా చేయించండి. అది తక్కువ వచ్చినా ఎంఆర్‌ఐని పక్కన పెట్టేయకూడదు.

ఇక ఆపరేషన్. చేతులు, నడక, స్పర్శ, మూత్రం మీద అదుపు చూసి 18 మార్కులకు స్కోరు వేస్తారు. స్కోరు తగ్గేకొద్దీ జబ్బు తీవ్రత ఎక్కువన్నమాట. 15 నుంచి 17 దాకా ఉంటే తీవ్రత తక్కువే. అప్పుడు జాగ్రత్తగా గమనిస్తూ కొంతకాలం ఆగే వీలుంటుంది. 14, అంతకన్నా తక్కువైతే ఆపరేషనే మేలు. గుండీలు, నడక రెండూ దెబ్బతిన్నాయంటే, చూడకుండా తేల్చలేను గానీ, మీ డాక్టర్ మాట సబబుగానే ఉంది.

ఆపరేషన్ ముఖ్యోద్దేశం జబ్బు ముదరకుండా ఆపడం. పోయిన పనితనం ఎంత తిరిగొస్తుందనేది ఎంత త్వరగా చేయించారన్న దాని మీద చాలావరకు ఆధారపడుతుంది. మెరుగుదల ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో కనిపిస్తుంది. మెడ ముందు నుంచి చేస్తే కొన్నాళ్లు మింగడం ఇబ్బందిగా ఉండొచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. కొద్దిమందికి భుజం బలహీనమవుతుంది. వెన్నుపాముకు దెబ్బ తగలడం అరుదే అయినా అసలు జరగదని చెప్పలేం. కానీ ఇంత ఇరుకు దారిలో ఉన్న వెన్నుపాముకు కాలుజారి ఒక్కసారి పడినా ప్రమాదమే. బంధువులు ఈ రెండో మాట చెప్పరు!

ఈలోగా మెడ విరిపించడం, గట్టిగా మసాజ్, ట్రాక్షన్ (మెడను సాగదీసి లాగడం) వద్దు. మెడకు పెట్టే కాలర్ పట్టీ జబ్బును నయం చేయదు. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి నడిచే దారిలో లైటు పెట్టించండి. వేరే ఏ ఆపరేషన్‌కు మత్తు ఇవ్వాల్సి వచ్చినా మెడ సంగతి ముందే చెప్పాలి.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కాళ్లు హఠాత్తుగా చచ్చుబడుతున్నా ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి, మర్నాటికి వాయిదా వేయకండి. గతంలో క్యాన్సర్ వచ్చినవారికి కొత్తగా నడుంనొప్పి, కాళ్ల బలహీనత కనిపిస్తే అదీ ఎమర్జెన్సీయే.

మరో స్పైన్ సర్జన్ అభిప్రాయం తీసుకోవాలనుకుంటే తప్పకుండా తీసుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, ఎంఆర్‌ఐ ఫిల్ములు కూడా పట్టుకెళ్లండి. కాకపోతే అది ఒకటి రెండు వారాల్లోనే తేలిపోవాలి.