చాటికోన సంతకు విదేశీ అతిథి: బేరం సంగతి ఎలా?

మీ అబ్బాయితో చదివిన జర్మనీ అమ్మాయి ఒడిశాలోని రాయగడలో మీ ఇంటికి వస్తోందనీ, చాటికోన సంత చూస్తానంటోందనీ, తెల్లమనిషి కదా అని ధరలు పెంచేస్తారేమో అనీ అడిగారు.

కొండ దిగి వచ్చినవాళ్లు పెంచరండీ. మాదీ రాయగడే, కిరాణా కొట్టు. ఇంటికి చుట్టాలొస్తే సంత తిప్పే పని నా నెత్తినే పడుతుంది. చాటికోన సంత బుధవారం, బిస్సం కటక్ దగ్గర, నియమగిరి కొండల కింద. ఆ కొండల మీద ఉండే గిరిజనులు డోంగ్రియా కోందులు. వాళ్లు పసుపు, అల్లం, అరటి, అనాస, ఏ కాలానికి ఏది పండితే అది మోసుకొస్తారు. షావుకార్లు దారిలోనే కాపుకాసి సగం బుట్టలు దింపించేస్తారు. పొద్దెక్కాక వెళ్తే మీరు కొనేది షావుకారి సరుకే. తెల్లమొహానికి రేటు మారేది అక్కడే. అందుకని తెల్లారగానే బయల్దేరండి.

కొండవాళ్ల దగ్గర తూకం ఉండదు. అల్లం, పసుపు కుప్పలు పోస్తారు, చోళ్లూ సామలూ డబ్బాతో కొలుస్తారు. కిలో ఎంత అని అడిగి లాభం లేదు, కుప్ప చూపిస్తే వేళ్లతో ధర చెప్తారు. ఒకసారి నాతో వచ్చిన ఫ్రెంచ్ ఆయన చిన్న పసుపు కుప్పకి ఐదొందల నోటు చాపాడు. ముక్కుకి మూడు పోగులున్న ఆ పెద్దావిడ నోటుని చూసింది, ఆయన్ని చూసింది, పసుపు మళ్లీ బుట్టలో వేసుకుంది. చిల్లర లేదు మరి! నేను పదులు తీసిచ్చాక మళ్లీ బయటికి తీసింది. మీరూ పదులు, ఇరవైలు దగ్గర పెట్టుకోండి. ధర తగ్గించమనకండి, కొసరు అడగండి. గుప్పెడు ఎక్కువే వేస్తారు.

భాషకి టెన్షన్ వద్దు. వాళ్లది కువి, మనకెలాగూ రాదు. చుట్టూ ఉన్న కొట్లలో తెలుగు అర్థమయ్యేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు.

ఆ అమ్మాయి కన్ను తప్పకుండా వాళ్ల శాలువా మీద పడుతుంది. కప్డాగండా అంటారు, తెల్ల ముతక గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాల కుట్టు. 2024లో దానికి జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతానిదే అనే గుర్తింపు, వచ్చింది. ఇంట్లోవాళ్లకీ, మనసైనవాళ్లకీ కుట్టుకునే బట్ట అది. ఒంటిమీదున్నదాన్ని చూపించి అమ్ముతారా అని అడగనివ్వకండి, నాకైతే అది మర్యాద అనిపించదు. ఫోటోలకీ, వాళ్ల ఊళ్లకి వెళ్లడానికీ ప్రభుత్వ ఆంక్షలున్నాయి, ముందే కలెక్టరాఫీసులో కనుక్కోండి.

మందపాటి గోనెసంచి ఒకటి తీసుకెళ్లండి. పచ్చి పసుపు మట్టితోనే ఇస్తారు, కారు సీటుకి అంటితే ఓ పట్టాన వదలదు.